దిగని సంతలు

నేను కుదురుగా కూర్చునే మనిషిని కాదు. ఫోన్లో మాట్లాడితే నడుస్తాను. నడవడానికి చోటు లేకపోతే కాలు ఊపుతాను. ఆఫీసులో నా ఎదురు కుర్చీ ఆవిడ బల్ల కదులుతోందని రోజుకు రెండుసార్లయినా విసుక్కుంటుంది. పనిలోనూ అదే తీరు. ప్రోగ్రాం రాయడం నాకిష్టం. రాసినది పనిచేయగానే దాన్నొదిలి ఇంకోదాని మీదికి దూకడం ఇంకా ఇష్టం. రాసినదాని గురించి మళ్ళీ కూర్చుని వివరం రాయాలంటే మాత్రం ప్రాణం మీదికొస్తుంది. డాక్యుమెంటేషన్ అన్న మాట వింటేనే ఆవలింతలు. "కోడ్ శుభ్రంగా రాస్తే అదే అన్నీ చెబుతుంది, వేరే కాగితాలెందుకు?" అని పదేళ్ళుగా కనబడ్డవాళ్ళందరికీ ఉపన్యాసాలిచ్చాను. ఈ ఏడాది ఏప్రిల్‌తో ఆ ఉపన్యాసం ఆగిపోయింది.

ఆ రోజు విశాఖలో ఆఫీసుకు బయల్దేరుతున్నాను. చెప్పుల్లో కాళ్ళు పెట్టేసరికి ఫోన్ మోగింది. చేసినది పెదబయలు అవతల కొండల్లో పనిచేసే ఆశా కార్యకర్త. రెండేళ్ళ కిందట అక్కడి గర్భిణుల కోసం ఒక యాప్ తయారుచేస్తూ మూడు నెలలు ఆమె వెంటే తిరిగాను. ఆమె ఇంట్లో చోడి అంబలి తాగాను, ఆమె చాప మీదే పడుకున్నాను. నాకంటే పదేళ్ళు పెద్ద. నేను అక్కా అంటాను, ఆమె మాత్రం మేడంగారూ అనడం మానలేదు.

"మేడంగారూ, మీ యాపు తప్పు సెప్తన్నాది," అంది. పలకరింపు లేదు.

"ఇప్పుడది నా చేతిలో లేదక్కా. నేను మానేసి ఏడాదిన్నరయింది."

"నాకు తెల్దేటి? కొత్త బాబుకి ఫోన్ సేసినాను. మెయిలు పెట్టమన్నాడు. నాను మెయిలెక్కడ పెట్టను? ఇక్కడో గుంట కడుపుతో ఉన్నాది. మొదటి కాన్పు. కడుపు కిందికి దిగినాది, కాళ్ళు వాసిపోనాయి. నా కళ్ళకైతే ఇయాలో రేపో అన్నట్టున్నాది. మీ యాపేమో ఇంకా మూడు వారాలున్నాయంటన్నాది. జాబితాలో పేరు నేదు కాబట్టి బండి పంపనని సూపర్వైజరమ్మ అంటన్నాది."

ఆ యాప్ చేసే పని చిన్నదే. ఆ ఊళ్ళకు బండి రోడ్డు లేదు. కొండ దిగి, గెడ్డ అనే కొండవాగు దాటి, రోడ్డు దగ్గరికొచ్చేసరికి రెండు గంటలు. నొప్పులు మొదలయ్యాక డోలీ కట్టి మోసుకొస్తే దారిలో ఏమవుతుందో ఎవరికీ తెలీదు. అందుకని కాన్పుకి రెండు వారాల ముందే గర్భిణిని దింపి, మండల కేంద్రంలోని వసతి గృహంలో ఉంచుతారు. అక్కడ మంచాలు తక్కువ, అవసరమైనవాళ్ళు ఎక్కువ. ఎవరిని ఎప్పుడు దింపాలో జాబితా ఇచ్చేది మా యాప్. జాబితాలో పేరుంటే రోడ్డు చివరికి బండి వస్తుంది, లేకపోతే రాదు. స్కానింగ్ చేయించుకున్నవాళ్ళకు డాక్టరు చెప్పిన తేదీ ఉంటుంది. ఈ అమ్మాయి ఒక్కసారీ స్కానింగ్‌కి దిగలేదట. ఆమెకున్నది మా లెక్క ఒక్కటే.

"ఊరు సంతకి దిగిందా లేదా అని వారం వారం అడుగుతోంది కదా యాప్?" అన్నాను.

"ఆ ప్రశ్న పోయి శానా రోజులైనాది కదమ్మా. పోయిన వానలకి ముందే తీసీసినారు."

మెట్ల మీద కూలబడ్డాను. తప్పు ఎక్కడ జరిగిందో నాకు ఆ క్షణమే తెలిసిపోయింది. దాని పుట్టుక నా దగ్గరే ఉందని ఒప్పుకోవడానికి ఇంకో అరగంట పట్టింది.

ఆ కొండ ఊళ్ళలో నేను మొదట తయారుచేసిన యాప్ తారీఖు అడిగేది. చివరిసారి నెలసరి ఎప్పుడొచ్చిందని. తారీఖు ఎవరికి గుర్తుంటుంది? ఆశా కార్యకర్తలు పాపం, ఏదో ఒకటి పెట్టాలి కాబట్టి అందరికీ ఒకటో తారీఖు పెట్టేశారు. కొండల్లో ఆడవాళ్ళందరికీ ఒకే రోజు నెలసరి వచ్చినట్టు పట్టిక తేలితే నేను ముందు నవ్వాను, తర్వాత జుట్టు పీక్కున్నాను. అక్కడి లెక్క సంతలతో నడుస్తుంది. కింద వారానికోసారి సంత. పసుపు, చింతపండు, అడ్డాకులు మోసుకుని ఊరు దిగుతుంది, ఉప్పూ నూనే కొనుక్కుని ఎక్కుతుంది. ఏదైనా ఎప్పుడు జరిగిందని అడిగితే ఇన్ని సంతలయిందంటారు. సరే, తారీఖు తీసేసి, ఎన్ని సంతలయిందని అడగడం మొదలుపెట్టాను. సంతంటే వారమే కదా, ఇంకేముంది, పని అయిపోయిందనుకున్నాను.

ఒకరోజు అక్క ఇంటి అరుగు మీద ఒకామె వేళ్ళు మడిచి ఏడు సంతలంది. నేను ఏడు వారాలని నొక్కాను. అక్క నా చేతిలోని ఫోన్‌లోకి తొంగిచూసి, "ఏడేటమ్మా? తొమ్మిది కదా," అంది.

"ఆవిడ ఏడు సంతలంటోందిగా?"

"ఏడు సంతలే. మజ్జిలో గెడ్డ పొంగినాది కదా, రెండు వారాలు ఎవులూ దిగనేదు."

"మీరు దిగకపోయినా కింద సంత జరిగింది కదక్కా."

"కింద జరిగుంటాది. మేం దిగనేదు కదా, మరది మా సంతెలాగవుతాది?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నన్ను జాలిగా చూశారు. వాళ్ళకు అందులో వింతేమీ లేదు. ఊరు దిగని వారం లెక్కలోకి రాదు. గెడ్డ పొంగిన వారం, ఊళ్ళో చావు జరిగిన వారం, చైత్రంలో ఇటుకల పండగ చేసుకునే వారం. ఇవి ఏ ఊరికా ఊరికి వేరు. నేను వారాలు లెక్కపెడుతున్నాను, వాళ్ళు తాము నడిచి దిగిన రోజుల్ని లెక్కపెడుతున్నారు.

ఆ మధ్యాహ్నమే యాప్‌లో ప్రశ్న పెట్టాను. ఈ వారం ఊరు సంతకి దిగిందా? దిగలేదంటే, ఆ ఊరి గర్భిణులు చెప్పే సంతల లెక్కకు ఆ వారాన్ని కలుపుతుంది. పట్టుమని పది వరుసల కోడ్. పనిచేసింది. సంతోషం పట్టలేక అరుగు మీంచి కిందికి గెంతాను. ఆ పది వరుసలకు నేను పెట్టిన పేరు "అదనం". ఏమిటా అదనం, ఎందుకు కలపాలి, ఎవరు చెప్పారు? ఒక్క ముక్క రాయలేదు. నాకు తెలుసు కదా, ఇంకెందుకు రాయడం!

తర్వాత విశాఖలో ఉద్యోగం వచ్చింది. యాప్ చేయించిన చిన్న స్వచ్ఛంద సంస్థవాళ్ళు, వెళ్ళేముందు అంతా వివరంగా రాసిపెట్టమని మూడుసార్లు అడిగారు. సామాన్లు సర్దుకుంటూ రెండు పేజీలు పంపాను. ఎలా లాగిన్ కావాలి, బ్యాకప్ ఎలా తీయాలి, నాలుగు తెరల బొమ్మలు, అంతే. కోడ్‌లో మార్పు చేసిన ప్రతిసారీ ఎందుకు చేశామో రాయడానికి ఒక చోటుంటుంది. అక్కడ నేను రాసినవి ఇవి: సరిచేశాను. మళ్ళీ సరిచేశాను. ఈసారి నిజంగానే. అంతటితో చేతులు దులుపుకుని కొండ దిగిపోయాను.

మెట్ల మీద నుంచే, ఇప్పుడు ఆ యాప్ చూస్తున్న ఇంజనీరుకు ఫోన్ చేశాను. అతను హైదరాబాదులో ఉంటాడు, ఆ కొండలు ఎప్పుడూ చూడలేదు.

"సంత ప్రశ్న ఎందుకు తీశావ్?" అన్నాను. 'మీరు' అనాలని కూడా తోచలేదు.

"సంత... ఓ, అదా మేడమ్. ప్రశ్నలు మరీ ఎక్కువైపోయాయని ఆశా కార్యకర్తలు గొడవచేశారు. ఏవి తీయొచ్చో చూశాను. గర్భిణుల యాప్‌లో సంతకి దిగారా అని ఎందుకుందో నాకర్థం కాలేదు. ఏదో సర్వే కోసం పెట్టారనుకున్నాను."

"తీసేముందు కోడ్ చదవాలని తెలీదా? దాంతో తేదీలన్నీ తప్పాయి. అక్కడొక మనిషి ప్రాణం మీదికొచ్చింది!"

పక్కింటి తలుపు తెరుచుకున్నాక గాని నేను అరుస్తున్నానని తెలియలేదు. అతను తిరిగి అరవలేదు. అరిచుంటే బాగుండేది.

"చదివాను మేడమ్. 'అదనం' అని ఉంది, పక్కన వివరణ లేదు. ఎందుకు పెట్టారో వెతికితే 'ఈసారి నిజంగానే' అని ఉంది. మీ రెండు పేజీలూ చూశాను. అప్పట్లో మీకు మెయిల్ కూడా పెట్టాను, అదనం అంటే ఏమిటని. జవాబు రాలేదు."

ఆ మెయిల్ నాకు గుర్తుంది. చదివి, తీరిగ్గా చూద్దాంలే అనుకున్నాను. తల కొట్టేసినట్టయింది. అతన్ని క్షమించమని అడిగి, దిగని సంతల సంగతి మొదటి నుంచీ చెప్పాను.

"కోడ్ ఇప్పుడే తిరిగి పెట్టేస్తాను. మరి పోయిన వానల్లో ఏ ఊరు ఏ వారం దిగలేదో మన దగ్గర లేదు కదా మేడమ్. ఎవరూ అడగలేదుగా. అదెక్కడి నుంచి తేవాలి?" అన్నాడు.

నిజమే. వానల్లో నెల తప్పినవాళ్ళకు ఇప్పుడిప్పుడే నెలలు నిండుతున్నాయి. అందుకే తప్పు ఇన్నాళ్ళూ దాక్కుంది. శీతాకాలంలో ఒకరిద్దరికి వారం అటూ ఇటూ అయితే ఎవరూ పట్టించుకోలేదు. ఈ అమ్మాయి ఊరు గెడ్డకు అవతల. అక్కకు మళ్ళీ ఫోన్ చేసి, ఆమె చివరి నెలసరికీ పేరు నమోదుకీ మధ్య వానల్లో ఊరు ఎన్ని సంతలు దిగలేదని అడిగాను. ఆలోచించకుండానే మూడంది. యాప్ ఇంకా మూడు వారాలుందంటోంది. అంటే గడువు ఈ రోజే.

సూపర్వైజరమ్మకు చేశాను. చెడ్డ మనిషి కాదు. ఒకసారి జాబితాలో లేనామెకు బండి పంపి, ఉన్నామెకు అందక మాటపడింది. నేను చెప్పిందంతా విని, "మీరు సెప్పేది బాగానే ఉంది మేడం. రేపు నన్నడిగితే నానేటి సూపించాలి? రాసియ్యండి," అంది.

ఇంకెవరైనా ఆ మాటంటే ఎగిరిపడేదాన్ని. నోరు మూసుకుని రాశాను. సంతంటే వాళ్ళకేమిటి, దిగని వారాలెందుకు కలపాలి, ఏ ప్రశ్న తీయడం వల్ల ఏం తప్పింది, ఏ ఊరికి ఇప్పుడు ఎన్ని వారాలు కలపాలి. ఆరేడు వాక్యాలు. పది నిమిషాలు కూడా పట్టలేదు. పంపిన కాసేపటికే బండి బయల్దేరుతోందని జవాబొచ్చింది. పది నిమిషాల పని! నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాను. ఆఫీసుకు రానని చెప్పి కారు మాట్లాడుకున్నాను. నేను వెళ్ళి చేసేదేమీ లేదని తెలుసు. కూర్చోలేక వెళ్ళాను, అంతే. ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ప్రతి మలుపులోనూ నా కుడికాలు నేలను తొక్కుతోంది. "మేడం, బ్రేకు నా దగ్గరుంది, మీరు వదిలేయండి," అన్నాడు డ్రైవరు. అనంతగిరి దాటాక సిగ్నల్ పోయింది. కాఫీ తోటల్లో పూత విరగబూసి వాసన కారులోకి కొడుతోంది. మామూలు రోజయితే ఆపమనేదాన్ని. ఇప్పుడు అద్దం ఎత్తేశాను. ప్రతి రెండు నిమిషాలకూ ఫోన్ చూడటం, గీతలు లేకపోవడం, మళ్ళీ చూడటం.

అరకు దాటి లోపలి రోడ్డులోకి తిరిగాక కారు ఆగింది. రోడ్డుకు అడ్డంగా వెదురు కర్ర, దాని వెనక పాతికమంది ఆడవాళ్ళు. ఇటుకల పండగ రోజులు. మగవాళ్ళు వేటకు పోతే ఆడవాళ్ళు దారి కాచి, వచ్చే బండినల్లా ఆపుతారు. ఏదో ఒకటి ఇచ్చుకుని, ఒక అడుగు ఆడితే గాని వదలరు. పండగ సరదా అది. ఇంకెప్పుడైనా నేనే ముందు దిగేదాన్ని.

"దిగి ఓ అడుగేసి పోమ్మా. అంత బేగి ఏటి?" అంది కర్ర పట్టుకున్న ముసలావిడ.

కిటికీలోంచి తల బయటపెట్టి ఊరి పేరు చెప్పాను, కాన్పు అన్నాను. కర్ర వెంటనే లేచింది.

"ఆ ఊరి గుంటేనా? మా సెల్లెలి కోడలే అది. ఇంకా మూడు సంతలున్నాయన్నారు కదేటి, ఫోన్లో?" అంది ఆవిడ, కారు పక్కనే నడుస్తూ.

నా లెక్క నాకంటే ముందే కొండంతా తిరిగింది. డ్రైవర్ని పోనిమ్మన్నాను.

రోడ్డు ఆగిపోయిన చోట బండి నిలబడి ఉంది. లోపల ఎవరూ లేరు. నర్సు పైకి వెళ్ళిందని బండి డ్రైవరు చెప్పాడు. నేనూ దిగి నడిచాను, నడవడం కాదు, పరిగెత్తాను. గెడ్డ దగ్గరకొచ్చేసరికి ఇవతలి ఒడ్డున పనస చెట్టు కింద డోలీ దింపి ఉంది. మోసుకొచ్చిన మగవాళ్ళు నలుగురూ అటు తిరిగి నిలబడ్డారు. చుట్టూ చీరలు అడ్డంపట్టిన ఆడవాళ్ళు. బిడ్డ ఏడుపు వినబడింది. హమ్మయ్య అనుకున్నాను. అంతలో చీరల మధ్య నుంచి అక్క బయటికొచ్చింది. మోచేతుల దాకా రక్తం.

"బిడ్డ బాగున్నాడు. తల్లికి రక్తం ఆగట్నేదు," అని తువ్వాలులో చుట్టిన బిడ్డను నా చేతుల్లో పెట్టేసి, మగవాళ్ళ వైపు తిరిగి, "ఎత్తండి, బేగి!" అని కేకేసింది.

నర్సు డోలీ పక్కనే పరిగెడుతోంది. నేను బిడ్డతో వెనక నడిచాను. రాళ్ళ దారి. పరిగెత్తడానికి లేదు. కాలు జారితే ఏమవుతుందోనని ఒక్కో అడుగూ చూసి వేశాను. డోలీ నాకు దూరమైపోతోంది. బిడ్డ ముఖం వంక చూడాలంటే భయమేసింది. వీడి తల్లి బతక్కపోతే ఆ పది వరుసలూ నావి, "ఈసారి నిజంగానే" నాది. దారంతా ఇదే ఆలోచన.

ఆసుపత్రిలో రెండు సీసాల రక్తం ఎక్కించారు. డాక్టరు లోపలికీ బయటికీ తిరిగాడు. అమ్మాయి అత్త గోడకు ఆనుకుని కూర్చుంది. నేను వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తున్నాను. అక్క నా చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టింది.

"తిరిగితే రక్తం ఆగుతాదేటి? ఇలాంటోళ్ళు ఇంకెంతమంది ఉన్నారో అది సూడండి," అంది.

హైదరాబాదు ఇంజనీరు అప్పటికే పేర్లు తీసి పంపాడు. వానల్లో నెల తప్పినవాళ్ళు ఇంకా పదకొండుమంది. ఏ ఊరు ఏ వారం దిగలేదో కంప్యూటరుకు తెలీదు, మనుషులకు తెలుసు. అక్క ఒక్కో ఊరి కార్యకర్తకు ఫోన్ చేస్తుంటే నేను రాస్తూ పోయాను. ఒకామెకు మేక కొట్టుకుపోయిన వారం గుర్తుంది. ఇంకొకామెకు, ఊరంతటికీ ఉప్పు అయిపోయి పక్క ఊరి నుంచి తెచ్చుకున్న రెండు వారాలు గుర్తున్నాయి. ఒక ఊళ్ళో ఇద్దరు కార్యకర్తలు మూడంటే మూడని, నాలుగంటే నాలుగని పోట్లాడుకున్నారు. ఇంజనీరు ప్రతిదానికీ ఎందుకని అడిగాడు. ఈసారి విసుక్కోలేదు, అతనడిగినదల్లా రాశాను. జాబితా మళ్ళీ తీస్తే ఇద్దరి గడువు ఆ వారంలోనే ఉంది. సూపర్వైజరమ్మ ఏమీ అడగకుండా వాళ్ళకు బండి పంపింది.

చీకటి పడేవేళకు డాక్టరు బయటికొచ్చి రక్తం ఆగిందన్నాడు. అత్త అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఆవిడకు కనబడకుండా అటు తిరిగి.

మర్నాడు పొద్దున్న వార్డులోకి వెళ్ళాను. అమ్మాయికి ఇరవై ఏళ్ళుంటాయి. ముఖం పాలిపోయి ఉంది. పక్కనే బిడ్డ. అక్క నన్ను చూపించి, "ఆ యాపు సేసినావిడ ఈవిడే," అంది. అమ్మాయి నన్ను తిడుతుందని గుండె దిటవు చేసుకున్నాను. ఆమె తిట్టలేదు.

"నొప్పులు నిన్న తెల్లారగట్లే వచ్చినాయి," అంది మెల్లిగా. "ఎవులికీ సెప్పనేదు. ఫోన్లో ఇంకా మూడు సంతలున్నాయన్నారు కదా. ఇవి నొప్పులు కావేమో, నాకే తెల్దేమో అనుకున్నాను. సింతపండు ఏరడానికి ఎల్లిపోనాను."

తన ఒంట్లో నొప్పి తనకు తెలుస్తుంటే, నేను రాసిన లెక్కను నమ్మి అది అబద్ధమనుకుంది.

"నీకే సరిగ్గా తెలిసిందమ్మా. తప్పు నాది. దిగని సంతలు కలపాలని ఈ అక్క నాకు రెండేళ్ళ కిందటే చెప్పింది. నా తర్వాత వచ్చినవాళ్ళకు తెలిసేలా నేను రాసిపెట్టలేదు."

ఆమె బిడ్డ మీద చెయ్యి వేసింది. ఎత్తిపొడుపు లేదు ఆ ముఖంలో, కోపమూ లేదు. నిజంగానే అర్థం కాక అడిగింది.

"మీకు రాయడం వచ్చు కదా?"

"వచ్చు," అన్నాను.